తక్కువ ఖర్చులో పాటియో: ముందు నీళ్ల వాటం, తర్వాతే రంగు

పాటియో, అంటే ఇంటిని ఆనుకుని ఆరుబయట కూర్చోవటానికి వేసుకున్న గచ్చు, వెలిసిపోయినట్టు అనిపించగానే చాలామంది మొదట కొనేది రంగు డబ్బా, లేదంటే కొత్త కుర్చీలు. డబ్బు వృథా అయ్యేది అక్కడే. గచ్చు కింది నుంచి తడి ఎక్కుతుంటే ఎంత ఖరీదైన రంగైనా ఒక్క వానాకాలం కూడా నిలవదు, పెచ్చులుగా లేచిపోతుంది. నీళ్లు నిలిచే చోట పాచి ఎన్నిసార్లు గీకినా మళ్లీ పడుతుంది. అందుకే ఖర్చుకి ఒక వరస పెట్టుకోవాలి: నీళ్లు ఎటు పోతున్నాయో చూడటం, కడగటం, పగుళ్లూ సందులూ పూడ్చటం, ఆ తర్వాత రంగు, కూర్చునే ఏర్పాటు, నీడ, దీపాలు, మొక్కలు. మొదటి మూడింటికి కావలసింది ఒళ్లు వంచటమే, డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఆ మూడూ అయ్యాక నిలబడి చూస్తే, అసలు రంగే అక్కర్లేదని తేలే పాటియోలు చాలా ఉంటాయి.

కింది లెక్కలు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, అంటే 12 చదరపు మీటర్ల సిమెంటు గచ్చుకి వేసినవి. మీది కొలుచుకుని అదే పాళ్లలో పెంచుకోండి, లేదా తగ్గించుకోండి.

నీళ్లు ఎటు పోతున్నాయి

వాటం ఎప్పుడూ ఇంటి గోడ నుంచి బయటికే ఉండాలి. మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు దిగితే చాలు. 3 మీటర్ల వెడల్పులో గోడ దగ్గరికీ బయటి అంచుకీ 3 నుంచి 6 సెంటీమీటర్ల తేడా రావాలన్నమాట. కొలవడానికి తాపీమేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ కంటే చవకైన సాధనం లేదు: లోపల నీళ్లు కనిపించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, 5 మీటర్లది. నీళ్లు నింపి, ఒక చివర గోడ దగ్గర, రెండోది బయటి అంచున నిలబెట్టండి. నీళ్లు రెండు వైపులా ఒకే మట్టంలో ఆగుతాయి. గచ్చు నుంచి నీటి మట్టానికి గోడ దగ్గర 50 సెంటీమీటర్లు, అవతల 54 వస్తే మీ వాటం 4 సెంటీమీటర్లు. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది కాబట్టి, రెండు చివరలూ పక్కపక్కన పెట్టి మట్టాలు కలుస్తున్నాయో లేదో ముందు చూసుకోండి.

తర్వాత గోడవైపు నుంచి రెండు బకెట్ల నీళ్లు పారబోసి గంట ఆగండి. ఇంకా నీళ్లు నిలిచిన చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. ఒక నాణెం మందం కంటే లోతుగా నిలవని మడుగుల్ని వదిలేయొచ్చు, చీపురుతో తోస్తే పోతాయి. అంతకంటే లోతైనవి పూడ్చాలి. మొత్తం గచ్చే ఇంటివైపు వాలి ఉంటే మాత్రం అలంకరణ సంగతి పక్కన పెట్టి, గోడ వెంట కాలువ కోయించి నీటిని బయటికి మళ్లించటానికి మేస్త్రీని పిలవండి. ఉన్న డబ్బంతా దానికే అయినా సరే. గోడ అడుగు చెమ్మెక్కితే తర్వాత పడే ఖర్చు ముందు ఇది చిన్నది.

పాత గచ్చు మీదే టైల్స్ పరిచేద్దామనే ఆలోచన ఉంటే ఒక కొలత గుర్తుంచుకోండి. గోడలోకి చెమ్మ ఎక్కకుండా పునాది పైన వేసే పొరకి కనీసం 15 సెంటీమీటర్ల కిందే బయటి నేల ఉండాలి. ఆ పొరను దాటి టైల్స్ లేస్తే వాన నీరు పొరకి పైనున్న గోడకి తగిలి, గోడ లోపలి వైపు సున్నం రాలటం మొదలవుతుంది. గడప ఎత్తు కూడా చూసుకోవాలి.

కడగటం

నీళ్లు పోసే ముందు పొడిగానే ఊడ్చండి. సందుల్లోని నాచునీ గడ్డినీ పాత చాకుతోనో కొక్కెంతోనో గీకి తీసేయండి. తడిపితే అది బురదై మళ్లీ సందులోకే దిగుతుంది. ఆ తర్వాత మరక ఏ రకమో పోల్చుకోండి, ఎందుకంటే ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదాన్ని పాడుచేస్తుంది.

ఆకుపచ్చ, నల్ల పాచికి మామూలు బ్లీచింగ్ ద్రావణం చాలు. 10 లీటర్ల నీళ్లకి 1 లీటరు కలిపితే 12 చదరపు మీటర్లకి సరిపోతుంది. సాయంత్రం పూటో మబ్బు పట్టినప్పుడో వేయండి. ఎండలో అయితే పనిచేసేలోపే ఆరిపోతుంది. 10 నుంచి 15 నిమిషాలు తడిగా ఉంచి, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, బాగా కడిగేయండి. పక్కనున్న మొక్కల్ని ముందూ తర్వాతా మంచినీళ్లతో తడపండి, మందు పలచబడి వేర్లకి తగలదు. బ్లీచింగ్‌ని ఆసిడ్‌తోగానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోగానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ఒకటి వాడిన రోజున రెండోది ముట్టుకోకపోవటమే మంచిది.

తెల్లగా పొడిలా పూసేది పాచి కాదు, సిమెంటులోంచి తడితోపాటు పైకొచ్చిన ఉప్పు. దీన్ని కడగటం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది, ఆరగానే తిరిగి తేలుతుంది. పొడి బ్రష్‌తో గీకి, ఆ పొడిని ఎత్తి పారేయండి. వారం రెండు వారాలకి మళ్లీ పూస్తే కింద తడి ఉన్నట్టే, ఆ గచ్చుకి రంగు ఆలోచన మానుకోవాలి.

ఆసిడ్‌ని (గచ్చులు కడగటానికి అమ్మే హైడ్రోక్లోరిక్ ఆసిడ్) ఆఖరి మాటగా ఉంచుకోండి. తప్పనిసరైతే 10 భాగాల నీళ్లలో 1 భాగం ఆసిడ్. నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు పోస్తే చింది మీద పడుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, మూసిన చెప్పులు ఉండాల్సిందే. గచ్చుని ముందు మంచినీళ్లతో తడిపి పెట్టకపోతే ఆసిడ్ లోతుకి ఇంకి సిమెంటునే తినేస్తుంది, ఇసుక బయటపడి గచ్చు గరుకెక్కుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు, బుడగలు తగ్గగానే వంటసోడా కలిపిన నీళ్లు పోసి ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. పాలరాయి, సున్నపురాయి జాతి బండల మీద ఆసిడ్ చుక్క కూడా పడకూడదు, మెరుపు పోయి గుంటలు పడతాయి.

కుర్చీ కాళ్ల తుప్పు మరకకి ఆక్సాలిక్ ఆసిడ్ పొడి వేరే ఉంటుంది, అది వాడండి. ఇదీ విషమే, సున్నపురాళ్లకి పడనిదే, కాబట్టి చిన్న మూల మీద పరీక్షించాకే మిగతా చోట వేయండి. నూనె మరక మీద రంపపు పొట్టు చల్లి రాత్రంతా ఉంచి, ఊడ్చి, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దితే చాలావరకు పోతుంది.

నీళ్లని గట్టి ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ ఉంటే పని సగమవుతుంది. ఏడాదికోసారి వాడేదానికి కొనక్కర్లేదు, ఒక రోజుకి అద్దెకి తెచ్చుకోండి. కాంక్రీటుకి 25 డిగ్రీల వెడల్పుగా చిమ్మే నాజిల్ బిగించి, గచ్చుకి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చేయి ఆపకుండా కదుపుతూ పోవాలి. నిలువుగా ఒకే ధార వచ్చే 0 డిగ్రీల నాజిల్ సిమెంటు మీద శాశ్వతంగా చారలు గీస్తుంది. పేవర్ రాళ్లయితే (ఇసుక మీద పక్కపక్కన పరిచే సిమెంటు బిళ్లలు) ధారని సందుకి ఏటవాలుగా పట్టండి. నేరుగా కొడితే సందుల్లోని ఇసుకంతా లేచి కొట్టుకుపోతుంది, ఒకట్రెండు నెలల్లో రాళ్లు కదలటం మొదలుపెడతాయి.

పగుళ్లు, సందులు

సుత్తి పిడితో గచ్చంతా తట్టుకుంటూ పోండి. డొల్లగా మోగిన చోట పైపొర కింది పొరని వదిలేసింది. దాని మీద ఏం వేసినా అదీ ఊడుతుంది కాబట్టి గట్టిగా మోగే అంచు దాకా కొట్టి తీసేయాలి.

వెంట్రుక వాసి పగుళ్లని వదిలేయొచ్చు. 3 మిల్లీమీటర్లు దాటిన పగులుని పూడ్చటానికి ముందు వెడల్పు చేయాలి. ఇది వినటానికి వింతగా ఉంటుంది కానీ, సన్నటి సందులోకి మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) దిగదు, పైన టోపీలా కూర్చుని మొదటి ఎండకే లేచిపోతుంది. ఉలితో కనీసం 1 సెంటీమీటరు వెడల్పు, 1 సెంటీమీటరు లోతు గాడి చేయండి. అడుగు భాగం పైకంటే కాస్త వెడల్పుగా ఉంటే పూత బయటికి రాదు. దుమ్ము ఊది, తడిపి, పైన నీరు మెరవకుండా అద్ది, పాత సిమెంటుకి కొత్తది అంటుకునేలా చేసే బాండింగ్ ద్రవం కలిపిన సిమెంటు పాలు బ్రష్‌తో పూయండి. అది ఆరకముందే, జిగటగా ఉండగానే మాల్ నొక్కాలి. ఆరాక వేస్తే అంటుకోవలసిన పొరే అడ్డుపొర అవుతుంది.

మాల్‌కి 1 పాలు సిమెంటు, 3 పాళ్లు జల్లించిన ఇసుక. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు గుంటకి సుమారు 5 కిలోల సిమెంటు, 15 కిలోల ఇసుక పడతాయి. నీళ్లు తక్కువగా పోయండి: పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి కారకూడదు. జారుగా కలిపితే రాయటం తేలికే కానీ ఆరేటప్పుడు కుంచించుకుపోయి అంచుల వెంట మళ్లీ పగులుతుంది. 1 సెంటీమీటరు కంటే పలచటి పూతకి మామూలు మాల్ పనికిరాదు, పాలిమర్ కలిపి రెడీగా అమ్మే రిపేర్ మిశ్రమమే వాడాలి. వేసిన మర్నాటి నుంచి 7 రోజులు తడి గోనె కప్పి ఉంచండి. నీళ్లు పట్టని అతుకు గోటితో గీకినా రాలుతుంది.

ఎండకి మూసుకుంటూ, చలికి విచ్చుకుంటూ కదిలే పగులుకి సిమెంటు పనిచేయదు. గచ్చు ఇంటి గోడని కలిసే సందు కూడా ఈ బాపతే. అందులో నురుగు తాడు లోపలికి నొక్కి, పైన పాలీయురిథేన్ సీలెంట్ నింపండి. సీలెంట్ లోతు సందు వెడల్పులో సగం ఉండాలి. అంటే 12 మిల్లీమీటర్ల సందుకి 6 మిల్లీమీటర్లు. తాడు లేకుండా అడుగు దాకా నింపేస్తే ట్యూబులు రెండింతలు ఖర్చవటమే కాదు, మూడు వైపులా అంటుకున్న సీలెంట్ సాగలేక చిరుగుతుంది.

పేవర్ రాళ్లు దిగిపోతే ఆ రాళ్లని, చుట్టూ ఇంకో వరసని పైకి తీయండి. కింద మట్టిని దిమ్మిస చేసి, ముతక ఇసుక 3 సెంటీమీటర్ల మందాన పరిచి, బద్దతో చదును చేయాలి. చదరపు మీటరుకి దాదాపు 50 కిలోలు పడుతుంది. రాళ్లని పక్కవాటికంటే 3, 4 మిల్లీమీటర్లు ఎత్తుగా పెట్టి రబ్బరు సుత్తితో దింపండి, వాడేకొద్దీ ఆ కాస్తా సర్దుకుంటుంది. సందుల్లోకి సన్నటి పొడి ఇసుక ఊడ్చి, రెండు రోజులాగి మళ్లీ ఊడ్చండి. గడ్డి మొలవకుండా గట్టిపడే పాలిమర్ ఇసుక వాడితే, నీళ్లు చల్లేముందు రాళ్ల మీద ఒక్క రేణువు కూడా లేకుండా ఊడ్చాలి. మిగిలిన పొడి తెల్లటి తెరలా అంటుకుపోతుంది, అది వదలటం మహా కష్టం. వాన సూచన ఉన్న రోజున ఆ సంచీ విప్పకండి.

రంగు వేయాలా, వద్దా

దీనికి రెండు పరీక్షలున్నాయి, రెండూ ఉచితమే. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా గచ్చుకి అంటించి ఒక పగలూ రాత్రీ ఉంచండి. తీసినప్పుడు లోపలి వైపు చెమట పట్టినా, కింద గచ్చు నల్లబడినా రంగు వద్దు. రెండో పరీక్ష: నాలుగు నీటి చుక్కలు చల్లండి. గుండ్రంగా నిలబడితే పాత సీలర్ (నీళ్లు ఇంకకుండా పూసే పూత) ఉందన్నమాట, రంగు దాని మీద పట్టదు. ముందు గరుకు కాగితం యంత్రంతో గీకించాలి. చుక్కలు వెంటనే ఇంకిపోతే గచ్చు సిద్ధంగా ఉంది. కొత్తగా పోసిన కాంక్రీటైతే 28 రోజులు ఆగాల్సిందే.

పరీక్షలో తడి తేలినా రంగు కావాలనిపిస్తే, పైన పొరకట్టే పెయింట్ బదులు లోపలికి ఇంకే కాంక్రీట్ స్టెయిన్ చూడండి. రంగులు తక్కువ, మరకలు పూర్తిగా మూయదు, కానీ ఊడటానికి పొరంటూ ఉండదు. కొద్ది ఖర్చులో పని కావాలంటే పెయింట్ కంటే దీన్నే ముందు చూడటం మేలు. అయిదారేళ్ల లెక్క వేస్తే మళ్లీ మళ్లీ గీకి వేసే పెయింట్ చవకేమీ కాదు.

పెయింటే వేస్తే, ఫ్లోర్ కోసం తయారైనదే తీసుకోండి. గోడ రంగు పాదాల కింద నిలవదు. నునుపు గచ్చు మీద లీటరుకి 8 చదరపు మీటర్లు లెక్కేసుకుంటే 12 చదరపు మీటర్లకి రెండు కోట్లకి 3 లీటర్లు కావాలి. డబ్బు మిగల్చాలంటే మొత్తం వేయకండి: చుట్టూ 30 సెంటీమీటర్ల పట్టీ మాత్రం వేస్తే విస్తీర్ణం 4 చదరపు మీటర్ల లోపే, 1 లీటరుతో రెండు కోట్లు అయిపోతాయి. శుభ్రంగా కడిగిన సిమెంటు రంగు మధ్యలో, ముదురు బూడిద పట్టీ చుట్టూ ఉంటే గచ్చంతా వేసిన దానికంటే నీటుగా ఉంటుంది. పైగా ఎక్కువ మంది తొక్కేది మధ్యలోనే, అక్కడ రంగే లేదు కాబట్టి అరిగేదీ లేదు.

గచ్చు వేడిగా ఉన్నప్పుడు వేయకూడదు. పైపొర ఆరి, కింద ద్రావకం చిక్కుకుని బుడగలు లేస్తాయి. మరీ చలిగా, 10 డిగ్రీల లోపు ఉన్నప్పుడూ వద్దు. పొద్దున మంచు తడి ఆరాక మొదలుపెట్టి, మళ్లీ మంచు కురిసేలోపు ఆరేలా ముగించండి. మందంగా ఒక కోటు కంటే పలచగా రెండు మేలు. రెండో కోటులో జారుడు తగ్గించే సన్నటి పొడి కలపండి, లేకపోతే తడిసిన పెయింటు గచ్చు ప్రమాదం. పొడి డబ్బా అడుక్కి దిగిపోతూ ఉంటుంది, అయిదు నిమిషాలకోసారి కలియబెట్టకపోతే సగం గచ్చు నునుపు, సగం గరుకు అవుతుంది. ఒక రోజు తర్వాత నడవచ్చు, సామాను మాత్రం మూడు రోజులాగి పెట్టండి. ముదురు రంగులు ఎండకి పాదాలు కాల్చేస్తాయి, తెలుపు కళ్లు చెదరగొడుతుంది. ఇసుక రంగు, లేత బూడిద ఈ రెండింటికీ మధ్యస్తం.

మరకలు దాచటానికి కార్పెట్ పరుద్దామనుకుంటే పాలీప్రొపిలీన్ అల్లికది, అడుగున రబ్బరు లేనిది తీసుకోండి. రబ్బరు వీపున్నది నీళ్లని పట్టేసి, ఎత్తి చూసేసరికి కింద నల్లటి పాచి చదరం తయారు చేసి పెడుతుంది.

గచ్చు చాలకపోతే పక్కన కంకరతో పెంచుకోవటం అన్నిటికంటే చవక. పైమట్టి 5 సెంటీమీటర్లు తీసి, దిమ్మిస చేసి, నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డని ముక్కకి ముక్క 15 సెంటీమీటర్లు ఎక్కేలా పరిచి, 10 నుంచి 20 మిల్లీమీటర్ల సైజు కంకర 5 సెంటీమీటర్లు పోయండి. 4 చదరపు మీటర్లకి 300 కిలోలు. కోణాలున్న కంకర ఒకదానికొకటి పట్టుకుని కదలదు. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ కుర్చీ కాలు కూరుకుపోతుంది. అంచు కట్టకపోతే కంకర ఏడాదిలో తోటంతా పాకుతుంది.

కూర్చునే ఏర్పాటు

కొనే ముందు సుద్దతో నేల మీద గీసి చూడండి. నలుగురు కూర్చునే గుండ్రటి బల్ల 90 సెంటీమీటర్లు. కుర్చీ వెనక్కి జరిపి లేవటానికి చుట్టూ మరో 90. మొత్తం 2.7 మీటర్ల వలయం. 3 మీటర్ల గచ్చులో అది పెడితే నడవటానికి దారి మిగలదు. అందుకే చిన్న పాటియోలో ఒక అంచున బెంచీ కట్టుకోవటం తెలివైన పని. బెంచీ వెనక్కి జరగదు కాబట్టి ఆ వైపు చోటంతా మిగులుతుంది.

1.8 మీటర్ల బెంచీకి 40 x 20 x 20 సెంటీమీటర్ల సిమెంటు బ్లాకులు 6 చాలు. రెండేసి ఒకదాని మీద ఒకటి పేర్చి మూడు దిమ్మెలు చేయండి: రెండు చివరలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి. బ్లాకు పొడవు కూర్చునే లోతువైపు ఉండాలి. పైన 4 సెంటీమీటర్ల మందం, 20 సెంటీమీటర్ల వెడల్పు చెక్కలు రెండు, మధ్య 1 సెంటీమీటరు సందు వదిలి వేయండి, వాన నీళ్లు అందులోంచి జారిపోతాయి. కూర్చునే ఎత్తు 44 సెంటీమీటర్లు వస్తుంది, అది కుర్చీ ఎత్తే. రెండు చెక్కల్నీ అడుగు నుంచి మూడు అడ్డబద్దలతో స్క్రూలు వేసి కలపకపోతే, ఒకరు అంచున కూర్చోగానే చెక్క ఎగిరి లేస్తుంది. అడ్డబద్దల్ని దిమ్మెలకి ఆనుకునేట్టు లోపలివైపు బిగిస్తే చెక్క పక్కకీ జరగదు. బ్లాకుల మధ్య, బ్లాకుకీ చెక్కకీ మధ్య నిర్మాణ పనికి వాడే గట్టి జిగురు రాయండి.

సరుకు దిగుమతి చేసే ప్యాలెట్ చెక్కలతో సోఫాలు చేసేవాళ్లు ముందు దాని మీది ముద్ర చదవాలి. గోధుమ కంకి బొమ్మ పక్కన హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుమందు పొగ పట్టించినది, ఇంటికి తేకండి. ఏ ముద్రా లేక, నూనె మరకలో రసాయనాల వాసనో ఉన్నదాన్నీ వదిలేయండి.

పాత చెక్క కుర్చీలకి 80 నంబరు, తర్వాత 120 నంబరు గరుకు కాగితం, చెక్క చారల దారిలోనే. అడ్డంగా రుద్దిన గీతలు నూనె పూశాక బయటపడతాయి. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి: ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో చిక్కిన వేడికి గుడ్డ దానంతటదే అంటుకోగలదు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టి, తర్వాత పారేయండి. ఇనప కుర్చీలకి వైర్ బ్రష్‌తో రాలే తుప్పంతా తీసి, తుప్పు నిరోధక ప్రైమర్ వేసి, స్ప్రే డబ్బాని 25 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా మూడుసార్లు కొట్టండి. దగ్గర్నుంచి కొడితే కారుతుంది. కాళ్ల అడుగున రబ్బరు టోపీలు తొడిగితే గచ్చు మీద తుప్పు వలయాలు పడవు.

నీడ

గొడుగు కొంటే బరువు ముఖ్యం. 2.7 మీటర్ల గొడుగుకి బల్ల మధ్యలో నిలబెడితే 25 కిలోల దిమ్మె, విడిగా నిలబెడితే 35 కిలోల పైన కావాలి. 20 లీటర్ల బకెట్ నిండా కాంక్రీటు పోస్తే 45 కిలోలు దాటుతుంది. మధ్యలో గొడుగు కర్ర వదులుగా దూరే పీవీసీ గొట్టాన్ని, అడుగు మూసి, నిటారుగా కట్టి ఉంచి పోయండి. పోశాక గంట వరకూ రెండు మూడుసార్లు రసమట్టం పెట్టి చూడండి, గొట్టం ఒరిగి గట్టిపడితే చేసేదేమీ ఉండదు. దిమ్మె ఎంత బరువున్నా గాలి మొదలైతే గొడుగు మూయాల్సిందే.

షేడ్ నెట్ కట్టేటప్పుడు జరిగే తప్పు ఒకటే, కొలత. కొక్కేల మధ్య దూరం కంటే గుడ్డ పది శాతం చిన్నది కావాలి. 4 మీటర్ల దూరానికి 3.6 మీటర్ల గుడ్డ. మిగిలిన చోటు బిగించే టర్న్‌బకిల్స్‌కి. సరిగ్గా 4 మీటర్లది తెస్తే లాగటానికి చోటు లేక కుంగి వేలాడుతుంది, గాలికి చప్పుడు చేస్తూ కుట్లు తెంచుకుంటుంది. కూర్చునే చోటికి 70 శాతం నీడనిచ్చే అల్లిక నెట్ బాగుంటుంది, గాలీ ఆడుతుంది. నీళ్లు దిగని గుడ్డయితే ఒక వైపు బాగా వాల్చి కట్టండి, లేకపోతే వాన నీరు మధ్యలో నిండి కొక్కేల్ని పీకేస్తుంది. గోడ కొక్కెం పైపూతలో కాక ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. స్తంభం పాతితే నేలపైన 2.4 మీటర్లుండే దానికి కింద 80 సెంటీమీటర్లైనా కాంక్రీటులో ఉండి, గుడ్డ లాగే వైపుకి వ్యతిరేకంగా కాస్త వాలి ఉండాలి.

దీపాలు

2700 కెల్విన్ల పసుపు ఛాయ బల్బులు, ఎక్కువ వెలుగునిచ్చే ఒక్కదాని బదులు తక్కువవి నాలుగైదు. కళ్లల్లో పడేలా కాక గోడ మీదా, కాళ్ల దగ్గరా పడేలా పెట్టండి. తీగ దీపాలు 6 మీటర్లు దాటితే సన్నటి ఉక్కు తాడు ముందు బిగించి, దానికి తగిలించండి. బల్బుల బరువు కరెంటు తీగ మీద పడితే హోల్డర్ల దగ్గర విరుగుతుంది. వాన పడే చోట ఐపీ 65 గుర్తున్నవి (నీళ్లూ దుమ్మూ దూరకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె ఇది), చూరు కింద ఐపీ 44 అయినా సరే. బయటి ప్లగ్గుకి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) రక్షణ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఇది మిగల్చుకునే ఖర్చు కాదు.

సోలార్ దీపాలు మసకబడితే పారేయక ముందు అద్దం తుడిచి, లోపలి బ్యాటరీ మార్చండి. చాలావాటిలో ఉండేది 1.2 వోల్టుల రీఛార్జబుల్ సెల్, ఏడాది రెండేళ్లకి అది నీరసిస్తుంది, దీపం బాగానే ఉంటుంది. మామూలు పెన్సిల్ సెల్ పెడితే ఛార్జింగ్‌కి కారి మొత్తం పాడవుతుంది.

మొక్కలు

చిన్న కుండీలు పన్నెండు కొనే డబ్బుతో పెద్దవి మూడు కొనండి. పెద్ద కుండీ రెండు రోజులు నీళ్లు మర్చిపోయినా తట్టుకుంటుంది, పాటియోకి ఒక నిండుతనం వస్తుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు కుండీకి మట్టి మిశ్రమం సుమారు 35 లీటర్లు పడుతుంది. అడుగున 1 సెంటీమీటరు బెజ్జాలు మూడు నాలుగు ఉండాలి. బెజ్జాల మీద రాళ్ల పొర వేస్తే నీరు బాగా దిగుతుందనుకోవటం పొరపాటు. మట్టి నుంచి రాళ్లలోకి నీరు సులువుగా దిగదు, రాళ్ల పైనే ఆగుతుంది, వేర్లకి దక్కే పొడి మట్టి ఇంకా తగ్గుతుంది. ఒక దోమతెర ముక్క పరిచి నేరుగా మట్టి నింపండి, అంచుకి 3 సెంటీమీటర్లు తక్కువగా.

కుండీని గచ్చుకి 2 సెంటీమీటర్లు ఎత్తులో, మూడు పెంకు ముక్కల మీద నిలబెట్టండి. నేరుగా పెడితే కింద ఎప్పుడూ ఆరదు, కష్టపడి కడిగిన చోటే గుండ్రటి మరక పడుతుంది. తీగ మొక్కకి గోడ మీద జాలీ బిగించేటప్పుడు గోడకీ దానికీ మధ్య 5 సెంటీమీటర్లు వదలండి, గాలాడుతుంది. అడుగున పళ్లాలు పెడితే వారానికోసారి ఒంపేసి తుడవండి. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగరటానికి దాదాపు వారం పది రోజులే పడుతుంది.